చేతికి కట్టిన జాబులు

మిట్టేమరి
9-6-1958

చెల్లెలు యశోదకు,

అన్న అంజినప్ప రాస్తున్నాను. ఆరేళ్లుగా నీకు జాబు రాయలేదు కాబట్టి ఈ చేతిరాత నీకే కాదు, నాకూ కొత్తగానే ఉంది. బడిలో నేర్పింది కన్నడం. తెలుగు మన నాయన అరుగు మీద ఇసుక పోసి దిద్దించినంతే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీ వదినకు ఉగాది నుంచి దగ్గు. పొద్దు వాలితే జ్వరం వస్తుంది. మనిషి సగమైంది. రవికెలన్నీ వదులైపోయి, ఎవరో పెద్దామెవి అడిగి తెచ్చి తొడుక్కున్నట్టు ఉంది. బాగేపల్లి కాంపౌండరు ఎర్రమందు సీసాలు మూడిచ్చాడు. నాటువైద్యుడు అడ్డసరం కషాయం పోశాడు. మారెమ్మకు కోడినిచ్చాం. దగ్గు మాత్రం ఎవరి మాటా వినడం లేదు. తిరిగి తిరిగి నాకూ విసుగొచ్చింది.

పోయిన వారం చెనిక్కాయ విత్తనాల కోసం బాగేపల్లి సంతకు పోయాను. మీ మతం వాళ్లు హార్మనీ పెట్టె వాయిస్తూ పాడుతున్నారు. పాట అయ్యాక ఒకాయన లేచి, మిట్టేమరిలో పుట్టిన ఒకామె సంగతి చెప్పాడు. రక్తం కక్కుకుని చావుకు దగ్గరైతే, కట్టుకున్నవాడు వదిలేసి ఇంకొకామెను తెచ్చుకుంటే, యేసుస్వామికి ప్రార్థన చేసి లేచి తిరిగిందంట. ఈ మాట ఆమే వాళ్ల గుడిలో అందరి ముందరా చెప్పిందంట. ఆయన పేరు చెప్పలేదు. మన ఊళ్లో అటువంటామె ఇంకెవరున్నారు? విత్తనాల మూట దించి చివరిదాకా విన్నాను.

నీవు ఆ మతంలో కలిసినప్పుడు నేనన్న మాటలు నాకు గుర్తున్నాయి. నీకు ఇంకా బాగా గుర్తుంటాయి. వాటి సంగతి తరువాత చూసుకుందాం. ఇప్పుడు మీ వదిన కోసం ప్రార్థన చెయ్యి. దాన్ని ఒక కాగితం మీద రాసి పంపు.

నీవు మాత్రం రావద్దు. చిన్నాయన మునిశామప్ప ఇంకా గట్టిగానే ఉన్నాడు. నీవు వాకిట్లో కాలు పెడితే ఈ ఇంట్లో నీళ్లు ముట్టనంటాడు. ముసలాయనతో పోట్లాడే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

నీ అన్న,
అంజినప్ప


చింతామణి
17-6-1958

అన్నా,

నీ జాబు ఆసుపత్రి వాకిట్లో నిలబడే చదివాను. పొయ్యి మీద సూదులు ఉడుకుతున్న సంగతి మరిచిపోయాను. నీళ్లు ఇగిరిపోయి గిన్నె మాడింది. నర్సమ్మ బాగా తిట్టింది. ఆరేళ్లకు వచ్చిన జాబుకు ఆ తిట్లు ఏమంత ఎక్కువ కాదు.

నేను ఇక్కడ ఆయాగా ఉన్నానని నీకు తెలిసే ఉంటుంది. మంచాలు తుడవడం, ఉమ్మి గిన్నెలు కడగడం, సూదులు ఉడకబెట్టడం నా పని. ఇక్కడ నన్ను కరుణమ్మ అంటారు. నీవు యశోద అని రాసింది చూసి, అటువంటి మనిషి ఒకామె ఇంకా ఉందా అనిపించింది. ఈ ఏడాది రోగులు ఎక్కువ, మనుషులం తక్కువ. పొద్దున లేచేటప్పటికే కాళ్లు బరువుగా ఉంటాయి.

వదిన దగ్గినప్పుడు ఏమైనా ఎర్రగా పడుతుందా? తెల్లవారేటప్పటికి జాకెట్టు తడిసేంత చెమట పడుతుందా? చూసి రాయి. నా మాట విని ఒక్కసారి ఇక్కడికి పిలుచుకొని రా. డాక్టరమ్మ మంచిది, కన్నడం బాగా మాట్లాడుతుంది.

నీవడిగిన ప్రార్థన వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. పెద్ద మాటలేమీ లేవు. "ప్రభువా, కెంపమ్మ అలిసిపోయింది. ఆమె రొమ్ములో నొప్పిని నీవు చూడు. ఆమెకు ఆకలి వేయించు" అని రాశాను. వదినకు చదివి వినిపించు. రోజూ పొద్దున ఆమె పేరు చెప్పి మోకరిస్తున్నాను.

నీ చెల్లెలు,
యశోద


మిట్టేమరి
2-7-1958

యశోదకు,

నీ ప్రార్థన మీ వదినకు చదివాను. ఇంకోసారి చదవమంది. ఆ పూట సంగటి ముద్ద సగం తిన్నది. మామూలుగా రెండు వేళ్లతో ఇటూ అటూ తిప్పి వదిలేస్తుంది. నాలుగు రోజులు జ్వరం రాలేదు. పందిట్లో కూర్చుని విత్తనం కాయలు కూడా ఒలిచింది. మన ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది, ఆ నాలుగు రోజులూ వినపడింది.

ఐదోరోజు మళ్లీ జ్వరం వచ్చింది. మీ వదిన అక్క అక్కమ్మ నాగరగెరె నుంచి చూడవచ్చింది. "చదివితే దాంట్లో సత్తువ గాలికి పోతాది. అట్లాటిది కట్టాల గాని చదువుతారా?" అని నన్ను కోప్పడింది. నాకూ నిజమే అనిపించింది. కాగితం పసుపుగుడ్డలో చుట్టి కుడిచేతికి కట్టాం. అప్పటికే చదివేశాం కదా, ఎంత మిగిలిందో ఏమో. అందుకని ఇంకొకటి పంపు. ఈసారి పెద్దదిగా రాయి.

ఆసుపత్రి మాట ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదు. నిన్ను మేము ఆసుపత్రికి పంపింది నిజమే. బతికి వస్తావని పంపలేదు, ఇంట్లో పోవద్దని పంపాం. ఇప్పుడు దాచి ఏం లాభం. లేపింది ప్రార్థన అని నీవే గుడిలో చెప్పావు. నీకు సరిపోయింది మీ వదినకు ఎందుకు సరిపోదు?

అన్న,
అంజినప్ప


చింతామణి
10-7-1958

అన్నా,

ఇది కూర్చుని నిదానంగా చదువు. వదిన ముందర చదవకు.

మొదట ఆ కాగితం విప్పెయ్యి. ప్రార్థన అంటే తాయెత్తు కాదు. దాంట్లో సత్తువ పోయేదీ ఉండదు, మిగిలేదీ ఉండదు.

రెండోది చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఇక్కడ ఏటా కోతల పండుగ చేస్తారు. పండిన రాగి, గుమ్మడికాయలు గుడిలో పెట్టి, మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. నా వంతు వచ్చేటప్పటికి ఎండ మీదికొచ్చింది, పిల్లలు ఏడుస్తున్నారు, పాస్టరు అయ్యగారు రెండు మాటల్లో ముగించమన్నారు. "రక్తం కక్కుకుంటూ వచ్చాను, ప్రభువు నన్ను బాగుచేశాడు" అని కూర్చున్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఊరు వెళ్లగొట్టిన మనిషిని నేను. అంతమంది ఒక్కసారిగా నావైపు తిరిగి సంతోషపడితే నాకు బాగుండింది. మరుసటి ఏడాది మళ్లీ అడిగారు. మళ్లీ అట్లే చెప్పాను, ఈసారి ఇంకా బాగా కుదిరింది. అదే నోటి నుంచి నోటికి పోయి బాగేపల్లి సంతలో నీ చెవిన పడింది.

నేను చెప్పనిది ఏమంటే, నాకు తొంభై సూదులు వేశారు. పద్నాలుగు నెలలు మాత్రలు మింగించారు. చెవుల్లో హోరు పుట్టేది, కళ్లు తిరిగేవి. ప్రార్థన చేసింది కూడా నిజమే, సూది దిగేటప్పుడల్లా చేశాను. ఏది నన్ను లేపిందో విడదీసి చెప్పే తెలివి నాకు లేదు. కానీ ఆ సూదిమందు అందని రోజుల్లో నా పక్క మంచాల మీద నాకంటే గట్టిగా ప్రార్థన చేసినవాళ్లు ముగ్గురు పోయారు. అది కూడా నేను గుడిలో చెప్పలేదు.

వదినకు ఉన్నది నాకుండిన జబ్బే. చెనిక్కాయ విత్తడం ఎవరికైనా అప్పగించి, ఈ జాబు అందిన మరునాడే బస్సెక్కించు. చేలూరు మీదుగా వచ్చే బస్సు ఆసుపత్రి ముందరే ఆగుతుంది. నన్ను అబద్ధాలకోరు అనుకుంటే అనుకో. తిట్టడానికైనా రా.

యశోద


మిట్టేమరి
3-8-1958

యశోదకు,

నీ జాబు అందింది. పెద్దదే పంపావు, బరువుగా ఉంది. మొదటిది తీసి, దీన్ని మీ వదిన కుడిచేతికి కట్టాను. సంతోషం.

వాన సమయానికి పడింది. పై చేను మూడు రోజుల్లో విత్తేశాం. ఎడమవైపు ఎద్దుకు కాలు వాచింది, అయినా లాగింది. మీ వదిన ఈసారి చేనిలోకి రాలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె విత్తనం వేయని ఏడు ఇదే. నాగలి వెనక కూలామె నడుస్తుంటే, తిరిగి చూసినప్పుడల్లా ఎవరీమె అనిపించింది.

దగ్గు తగ్గలేదు. జ్వరం కూడా అట్లే ఉంది. కానీ చేతికి కట్టింది తడుముకుంటే కాస్త ధైర్యంగా ఉందంటుంది. నీవు ఉపవాసం ఏమైనా ఉంటున్నావా? ఏ రోజు ఉంటావో రాస్తే ఇక్కడ నేను కూడా ఉంటాను. ఇంకొకటి పంపు.

అంజినప్ప


చింతామణి
12-8-1958

అన్నా,

అంత రాస్తే దానికి ఒక్క మాట జవాబు లేదు. ఎద్దు కాలు వాచిందని రాశావు, ఉపవాసం ఏ రోజని అడిగావు. నా కడుపులోది కక్కి పంపితే బరువుగా ఉందని ఎగతాళి చేశావు. కోపం ఉంటే తిట్టు, పడతాను. కోపం నా మీద, శిక్ష వదినకు, ఇదేం న్యాయం?

నేనే వచ్చేదాన్ని. చిన్నాయన నీళ్లు ముట్టకపోతే ముట్టకపోనీ అని రెండుసార్లు సంచి సర్దుకున్నాను. ఇక్కడ ఇద్దరు ఆయాలు జ్వరంతో పడిపోయారు, ఇరవైరెండు మంచాలకు నేను ఒక్కదాన్నే మిగిలాను. అయినా నేనొచ్చి చేసేదేముంది? సూదిమందు ఇక్కడుంది. నేను వట్టి చేతులతో వచ్చి ఆమె మంచం పక్క ఏడవాలి.

ప్రార్థన చేస్తున్నానా అని అడగవద్దు. మోకరిస్తున్నాను. ఆ తరువాత నోట మాట రావడం లేదు. "నీ మాటే నమ్మి వాళ్లు అక్కడ కూర్చున్నారు" అని ఎవరో చెవిలో అంటున్నట్టు ఉంటుంది. లేచి గిన్నెలు కడుక్కుంటాను.

అన్నా, తొంభై సూదులు. ఇంకోసారి రాస్తున్నాను. ప్రార్థన ఒక్కటే కాదు. పిలుచుకొని రా.

యశోద


మిట్టేమరి
27-8-1958

యశోదకు,

నీ రెండో కవరు కూడా అందింది. దాన్ని ఎడమచేతికి కట్టాను. ఇప్పుడు రెండు చేతులకూ ఉన్నాయి.

మొన్న పొద్దున మీ వదిన ముఖం కడుక్కుంటూ రక్తం కక్కింది. చెంబెడు ఉంటుంది. నేను బూడిద పోసి కప్పాను. ఆమె చూడనట్టు ముఖం తిప్పుకుంది. ఆమె చూసిందని నాకు తెలుసు, నేను కప్పానని ఆమెకూ తెలుసు.

గట్టిది ఒకటి రాసి పంపు. నా వైపు లోపమేమీ లేదు. మొదటిసారి చదివి తప్పు చేశాను, ఆ తరువాత జాగ్రత్తగానే ఉన్నాను. టపాల పిళ్ళప్ప తెచ్చిన కవరు తెచ్చినట్టే మడిచి గుడ్డలో కుట్టాను. అంటించిన చోటు ఊడలేదు. నేను గాని, ఇంకొకరు గాని ఒక్క అక్షరం చూడలేదు. నీవు ఎట్లా పంపావో అట్లే ఆమె చేతి మీద ఉన్నాయి. అయినా ఎందుకు గుణం కనపడలేదో నీవే ఆలోచించి రాయి.

అంజినప్ప


(కార్డు)

చింతామణి
2-9-1958

టపాల పిళ్ళప్పకు దండం. ఈ కార్డు మా అన్న చేతికి ఇవ్వకముందే, ఆయన వాకిట్లో నిలబడి, మా వదిన కెంపమ్మకు వినపడేటట్టు గట్టిగా చదవండి. చిన్నాయన ఉంటే ఆయన కూడా విననీ.

వదినా, నేను యశోదను. నాకు క్షయ వచ్చింది. తొంభై సూదులు, పద్నాలుగు నెలల మాత్రలతో నయం చేశారు. గుడిలో ఆ మాట దాచి, ప్రార్థన ఒక్కటే చెప్పి పేరు తెచ్చుకున్నాను. తప్పు చేశాను. నీ చేతికి కట్టినవి ప్రార్థనలు కావు, ఆసుపత్రికి రమ్మని రాసిన జాబులు. విప్పి చదివించుకో. ఇదే వారం బస్సెక్కు. నేను వాకిట్లోనే ఉంటాను.

యశోద


మిట్టేమరి
6-9-1958

యశోదకు,

పిళ్ళప్ప చదివాడు. చదవనా వద్దా అని మొదట నా ముఖం చూశాడు. మీ వదిన లోపలి నుంచి చదవమంది. వీధిలో పోయేవాళ్లు ఐదారుమంది ఆగారు. చిన్నాయన అరుగు మీదే ఉన్నాడు. లేచి, బస్సు దాకా తీసుకుపోవడానికి బండి సిద్ధం చెయ్యమన్నాడు.

రెండు కవర్లూ మీ వదినే కుట్లు విప్పి ఇచ్చింది. నేను చదివాను. జూలై నెలలో రాసింది సెప్టెంబరులో చదివాను.

సోమవారం బస్సుకు వస్తున్నాం.

అంజినప్ప


చింతామణి
19-10-1958

అన్నా,

నీవు చెనిక్కాయ పీకడానికని వెనక్కు పోయి పన్నెండు రోజులైంది. వదినకు ఇప్పటికి ముప్పైతొమ్మిది సూదులు పడ్డాయి. జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. రక్తం నిలిచింది. గంజి తాగుతుంది, సంగటి కావాలని అడుగుతుంది. ఆశ పెట్టుకోవచ్చా అని డాక్టరమ్మను అడిగాను. ఒక వైపు ఊపిరితిత్తి పూర్తిగా పాడైందని, రెండో వైపు సంగతి సంక్రాంతి దాటితే గాని చెప్పలేనని అన్నది. మూడు నెలలు ముందు తెచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసింది.

ఆ కార్డు సంగతి ఇక్కడికీ చేరింది. ఈ ఏడు కోతల పండుగలో నన్ను ఎవరూ లేవమనలేదు. అయ్యగారు మాత్రం తరువాత పిలిచి, "సూది కూడా ఆయన ఇచ్చిందే కదా, అట్లా చెప్పి ఉండవచ్చు" అన్నారు. చెప్పి ఉండవచ్చు. అప్పుడు తోచలేదు. ఇప్పుడు సాక్ష్యం చెప్పాలని లేదు. సూదులు ఉడకబెట్టేటప్పుడు వదిన పేరు అనుకుంటాను, నీళ్లు మరిగినంతసేపు. నా ప్రార్థన ఇప్పుడు అంతే.

ఒక మాట మిగిలింది. కార్డు మీద కూడా అది రాయలేకపోయాను. ఆసుపత్రికి పంపకముందు నన్ను మన కొట్టం పక్క గుడిసెలో పెట్టినప్పుడు ఎవరూ దగ్గరకు వచ్చేవారు కాదు. వదిన ఒక్కతే గంజి తెచ్చేది. కరువు ఏడు కదా, నేను మిగిల్చింది పారబోయకుండా నా ఎదుటే కూర్చుని తాగేది. నేను దగ్గుతుంటే వీపు రాసేది. నేను చూస్తూనే ఉన్నాను, వద్దనలేదు. ఎవరూ ముట్టని నన్ను ఒకరు ముట్టుకుంటే నాకు హాయిగా ఉండేది. ఆమెకు ఈ జబ్బు నా నుంచే వచ్చింది అన్నా. పన్నెండు రోజులుగా ఆమెకు చెబుదామని మంచం దగ్గరకు పోయి, దిండు సర్ది వస్తున్నాను. చెప్పాలా వద్దా, నీవే రాయి. నీవేమన్నా సరే.

యశోద


మిట్టేమరి
27-10-1958

అమ్మా యశోదా,

చెనిక్కాయ పీకడం అయింది. కాయ పరవాలేదు. చిన్నాయన రోజూ మీ వదిన సంగతి అడుగుతున్నాడు. నీ పేరెత్తడు గాని, "వాళ్లు ఆడ ఎట్లుండారు" అంటాడు. వాళ్లు అంటే ఇద్దరనే నాకు అర్థమైంది.

నీవు మీ వదినకు చెప్పవలసిన పని లేదు. ఉగాదికి దగ్గు మొదలైన మూడో రోజే ఆమె నాతో అన్నది: "ఇది యశోద దగ్గే. నాకు తెలుసు, ఆ పొద్దు నా పక్కనే దగ్గుతా ఉన్నింది. నువ్వు యశోదకు రాయి. ఆమె దగ్గర్నించి వచ్చింది ఆమే తీయాల." నాకు ఆరేళ్ల అహంకారం అడ్డమొచ్చి, రాయడానికి జూన్ దాకా పట్టింది.

మనింట్లో బిడ్డకు దిష్టి తగిలితే ఏం చేస్తారో నీకు తెలియనిది కాదు. ఎవరి కన్ను తగిలిందో వాళ్ల కాలికింది మన్నే తెచ్చి తీస్తారు. ఊళ్లో ఇంకెవరి మన్నూ పనికి రాదు. దానికి వాళ్ల మీద కోపం పెట్టుకోరు, ఏదో తెలియక తగిలిందంటారు. మేము అట్లే అనుకున్నాం. నాకు కావలసింది ఆసుపత్రి కాదు, మీ స్వామి కూడా కాదు. నీ చేతి నుంచి ఏదో ఒకటి వచ్చి ఆమె ఒంటికి తగలాలి. ప్రార్థన అని అడిగింది, నీవు ఇవ్వగలిగింది అదేనని సంతలో విన్నందుకు. కవర్లు విప్పకుండా కట్టింది కూడా అందుకే. నీ వేళ్లు అంటించినది అంటించినట్టే ఉండాలని. దాంతో మూడు నెలలు పోగొట్టింది నేను. ఆ తప్పు నీవు మోయవద్దు, నాది నాకు ఉండనీ.

నాకు పెద్ద చదువు లేదు, ఆ మందు గుణం నాకు తెలియదు. తొంభై అంటే తొంభై, వేయనీ. ఒక్కటే అడుగుతున్నాను. ఆ సూది నర్సమ్మ వేస్తుందని మీ వదిన చెప్పింది, నీవు ఉడకబెట్టి ఇస్తావంట. డాక్టరమ్మ కాళ్లు పట్టుకుని అయినా సరే నేర్చుకో. మిగిలినవి నీవే వెయ్యి.

నీ అన్న,
అంజినప్ప